మూడో కేక

ఆ రోజు పొద్దున ఆకాశం కొబ్బరి మట్టలకు తగిలేంత కిందికి దిగి ఉంది. చినుకు లేదు. రాత్రి కురిసిన వాన తడి చెట్ల మొదళ్ళమీద ఇంకా నల్లగా కనబడుతోంది. తూర్పున సూర్యుడు ఉండవలసిన చోట గోనెపట్టా కప్పినట్టు మాసిన వెలుగు. రాజోలు బస్సు పాటిమెరక మలుపులో సరోజినిని దింపి, ఆమె చీర అంచుమీద బురద చిమ్మి పోయింది.

ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఫైళ్ళ సంచి గుండెలకు అదుముకుని ఆమె గట్టెక్కింది. పంచాయతీ ఆఫీసు గోడ దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఒకడు చదువుతున్నాడు, ముగ్గురు వింటున్నారు. ఆమెను చూసి చదివేవాడు ఆపాడు.

గోడకు కాగితం అంటించి ఉంది. మైదా జిగురు అంచుల్లోంచి కారి ఎండిపోయింది. నీలం కార్బను అక్షరాలు, నిలువు గీతలు, అడ్డ గీతలు. ఇంగ్లీషు పేర్ల కింద ఎవరో ఎర్రసిరాతో తెలుగులో మళ్ళీ రాశారు. పైన అదే ఎర్రసిరాతో: ‘స్త్రీలపై నేరములు చేసి శిక్ష పడిన వారు. ప్రజలు జాగ్రత్తగా ఉండవలెను.’

కాగితం మీద ‘ఆర్’ అనే అక్షరం ప్రతిచోటా మిగతావాటికంటే కాస్త పైకి లేచి ఉంది. సరోజినికి ఆ అక్షరం తెలుసు. వాల్తేరులో తన హాస్టలు గదిలో ఉన్న టైపు మిషనుకి ఉన్న జబ్బు అది. మూడు నెలల కిందట ఈ తాలూకాలో ఎవరెవరు ఏ ఊళ్ళో ఉంటున్నారో కనుక్కోవడానికి ఒక కార్బను కాపీ పోలీసులకు ఇచ్చింది. ఇరవై నాలుగు పేర్లు. పదిహేడో పేరు ఈ ఊరిది. దాని కింద రెండు గీతలు గీశారు.

“మేష్టారి అమ్మాయిగారండి,” చదివేవాడు వినయంగా అన్నాడు. “మా పదిహేడుగారి ఎదర సెక్షనేదో ఉంది. అదేటో కాస్త చెప్తారా?”

“ఆవిడే రాసేరంట, ఆవిడకి తెలీదా,” అన్నాడు రెండోవాడు. నలుగురూ నవ్వారు.

“ఇది ఎప్పుడు అంటించారు?”

“నాలుగు రోజులైందండి. పోలీసు హెడ్డుగారే వచ్చి జిగురు రాసేరు. మన మేష్టారి అమ్మాయి పెద్ద చదువు చదివి చెప్పింది, అందుకే చేస్తన్నాం అన్నారు. మీ పేరు చెప్పేరండాయ్.”

సరోజిని సంచి సర్దుకుని నడిచింది. తన వీపు మీద నవ్వు పేట మలుపు దాకా వచ్చింది.

తండ్రి జీవరత్నం అరుగు మీద కూచుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ముప్ఫయ్యయిదేళ్ళు ఈ ఊరి బళ్ళో పాఠాలు చెప్పి నిరుడే రిటైరయ్యాడు. కూతురిని చూసి లేవలేదు.

“కాళ్ళు కడుక్కో,” అన్నాడు. ఆమె కడుక్కుని వచ్చాక అన్నాడు, “చూశావా?”

“చూశాను నాన్నా. నేను అంటించమని ఇవ్వలేదు.”

“ఎందుకిచ్చావు?”

“అడ్రసులు కావాలని. ఒక్కొక్కరితో మాట్లాడాలి. జైలుకెళ్ళి వచ్చాక ఎలా బతుకుతున్నారు, మళ్ళీ తప్పు చేస్తారా చెయ్యరా, అదే నా పరిశోధన. ఆ పదిహేడో మనిషి కోసమే ఇప్పుడొచ్చాను.”

జీవరత్నం కళ్ళజోడు పెట్టుకుని ఆమెను చూశాడు. “వాడు నా దగ్గర నాలుగో తరగతి దాకా చదివేడు. ఏడుకొండలు. వాడికి లెక్కలు రావు. అబద్ధం ఆడటమూ రాదు.”

“కోర్టులో తనే ఒప్పుకున్నాడు నాన్నా. చెట్టెక్కాను, చూశాను అని. ఫైల్లో ఉంది.”

“ఉంటుంది.”

“కేసు తప్పని తెలిస్తే అప్పుడే మీరెందుకు చెప్పలేదు?”

“అప్పుడు నా బదిలీ కాగితం ఆ కేసు పెట్టించిన భీమరాజుగారి జేబులో ఉంది.” ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. లోపలినుంచి గిన్నెమీద మూత పడిన చప్పుడు వినబడింది.

ఏడుకొండలు ఇల్లు పంటబోదె కాలవ అవతల. సరోజిని వెళ్ళేసరికి అతను చూరు కింద చతికిలబడి కొబ్బరాకు అల్లుతున్నాడు. నలభై దాటిన మనిషి. రొమ్ము మీదా, మోకాళ్ళ లోపలివైపునా, అరికాళ్ళ అంచున చర్మం చెట్టు బెరడులా నల్లగా కాయలు కాసి ఉంది. ఆకు అల్లే పని ఆడవాళ్ళది. చెట్లెక్కే చేతులకు అది సరిగ్గా లొంగటంలేదు. పక్కన పాతికేళ్ళ మనిషి ఒకామె, పేరు పార్వతి, అతను ఒక మట్ట అల్లే లోపల మూడు అల్లేస్తోంది. సరోజిని నీడ పడగానే ఆమె చేతిలో మట్ట వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

గుమ్మంలోకి మంగాయమ్మ వచ్చింది, ఏడుకొండలు భార్య. చేతిలో కుడితి బిందె.

“ఎవరు కావాలండి?”

“ఏడుకొండలుగారితో మాట్లాడాలి. నేను జీవరత్నం మేష్టారి...”

“తెలుసండి. మా ఆయన నెంబరెంతండి?”

సరోజిని చేతిలో సంచి వెనక్కి జరుపుకుంది.

“చెప్పండాయ్. రాసిన మీకు తెలీకపోతే ఎలా? ఊళ్ళో పిల్లకాయలకి కూడా తెలుసు. రేవుకి వెళ్తే పదిహేడోవాడి పెళ్ళాం నీళ్ళకొచ్చింది, జరగండి అంటన్నారు.” కుడితి బిందె దూడ ముందు పెట్టలేదు. సరోజిని పాదాలకు బెత్తెడు దూరంలో పారబోసింది. “ఈ ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఎవళ్ళూ చెట్టు ఇవ్వలేదు. అవతలి లంకలకెళ్ళి ఎక్కి వచ్చేవాడు. అక్కడోళ్ళకి ఈ కత తెలీదు. మీ కాగితం అక్కడా అంటించేరు. నాలుగు రోజులై ఆకు అల్లుకుంటా కూచున్నాడు. మీ చదువు అయిపోయిందాండి, ఇంకా ఉందా?”

“మంగా,” అన్నాడు ఏడుకొండలు తలెత్తకుండా.

“మంగా లేదు, ఏమీ లేదు. ఎళ్ళమను.”

సరోజిని వెళ్ళింది.

హెడ్ కానిస్టేబులు తాతబ్బాయి లాకుల దగ్గర కాకాహోటల్లో బల్ల మీద టోపీ పెట్టుకుని పెసరట్టు తింటున్నాడు. ఆమెను చూసి చెయ్యి కడుక్కుని మరీ నమస్కారం పెట్టాడు.

“ఆ కాగితం తీసెయ్యండి,” అంది సరోజిని.

“ఏ కాగితమండి?”

“గోడమీదది. అది నేను మీకు అడ్రసుల కోసం ఇచ్చాను.”

“మరేనండి. కానీ మీరు కాకినాడ మీటింగులో ఓ ఉపన్యాసం ఇచ్చేరు కదండి. మా ఇనస్పెక్టరుగారు వచ్చేరు దానికి. ‘ఇటువంటివారి పేర్లు స్థానికులకు తెలిసే ఏర్పాటు ఉండాలి.’ మీ మాటేనండి, ఆయన డైరీలో రాసుకొచ్చి మాకు చదివి వినిపించేరు. చదువుకున్నవాళ్ళు చెప్పగా చెప్పగా ఇన్నాళ్ళకి పోలీసోళ్ళం ఒకమాట విన్నాం. మీరే తీసెయ్యమంటే ఎలాగండి?”

“అందులో ఒకతని కేసు తప్పేమోనని అనుమానంగా ఉంది.”

“శిక్ష పడిందా, పడలేదా?”

“పడింది.”

“మరి?” తాతబ్బాయి టోపీ తీసి బల్లమీద పడిన నీళ్ళు దాని అంచుతో తుడిచాడు. “అంటించమంటే అంటించేం. పీకమని ఆర్డరు వస్తే పీకుతాం. మీరు కాఫీ తాగండి. నా ఖాతాలో.”

ఆమె తాగలేదు. కాకాహోటలు వాడు అప్పటికే కలిపిన కాఫీని వెనక్కి గిన్నెలో పోసుకున్నాడు.

ఆ సాయంత్రం సరోజిని పదిహేడో ఫైలు మళ్ళీ తీసింది. ఆరు నెలలుగా చదువుతున్నదే. పందొమ్మిది వందల డెబ్భై అయిదు, ఆషాఢ మాసం. ఫిర్యాది భీమరాజు భార్య రామలక్ష్మి. నిందితుడు దొడ్లో కొబ్బరిచెట్టు ఎక్కి, ఆమె నీళ్ళగదిలో స్నానం చేస్తుండగా పైనుంచి చూసెను. ముందుగా కేక వేయలేదని ఫిర్యాది. వేసితినని నిందితుడు. చెట్టెక్కినట్టు, చూసినట్టు నిందితుడే అంగీకరించెను. శిక్ష: ఆరు నెలలు. మార్జిన్లో తన చేతిరాత: నేరాంగీకారం ఉంది, వివాదం లేదు. ఆ రెండు మాటల్ని చాలాసేపు చూసింది.

రెండోరోజు పొద్దున కూడా మబ్బు విడవలేదు. ఆమె మళ్ళీ బోదె దాటింది. మంగాయమ్మ గడ్డికి వెళ్ళినట్టుంది. ఏడుకొండలు అదే చూరు కింద, అదే ఆకుతో ఉన్నాడు. సరోజిని సంచి తీసుకురాలేదు. చేతులు ఖాళీగా కనబడేలా పెట్టుకుని తడినేల మీదే కూచుంది.

“కూచోకండి, చీర పాడవుద్ది.”

“పరవాలేదు. ఒక్కమాట చెప్పండి. చెట్టెక్కేముందు కేక వేశారా?”

“ఎయ్యకండా ఎలా ఎక్కుతానండి?” అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. “చెట్టు మీంచి నాలుగిళ్ళ దొడ్లు కనపడతాయి. ఆడోళ్ళు తానాలు చేస్తా ఉంటారు, గుడ్డలు మార్చుకుంటా ఉంటారు. మూడు కేకలెయ్యాలి. లోపల్నించి ఎవరో ఒకళ్ళు ఎక్కమనాలి. అప్పుడు కాలు పెట్టాలి. మా నాన్న చెట్టు నేర్పక ముందు కేక నేర్పేడు.”

సరోజినికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు పెరట్లోంచి ఆ కేక వినబడితే అమ్మ పొయ్యి దగ్గర్నించి ‘ఆయ్, ఎక్కు’ అనేది. తనూ పలికింది, ఎనిమిదేళ్ళప్పుడు, పెద్దదాన్నైనట్టు గొంతు లావు చేసుకుని. ఆరు నెలలు ఆ ఫైలు చదివింది. కేక ఉందా లేదా అనే చూసింది.

“ఆ రోజు ఎవరు పలికారు?” అంది.

ఏడుకొండలు ఆకు అల్లటం ఆపలేదు.

“కోర్టులో అడగలేదా?”

“చెట్టెక్కేవా అన్నారు. ఎక్కేనన్నాను. కేకేసేవా అన్నారు. ఏసేనన్నాను. చూసేవా అన్నారు. చూసేనన్నాను. అంతేనండి. పలికిందెవరని ఎవళ్ళూ అడగలేదు. ఆ కోర్టాయన మన వైపు మనిషి కాదు, ఈ పద్ధతి తెలీదు.”

“మీరే చెప్పొచ్చుగా?”

“ఇంట్లో ఆడమనిషి గొంతు ఇన్నానని కోర్టులో ఎలా చెప్తానండి? ఆవిడ ఆ ఇంట్లోనే బతకాలి కదా.”

“చూశాను అన్నారు. ఏం చూశారు?”

లోపల ఏదో ఇత్తడి గిన్నె నేలకు తగిలింది. ఏడుకొండలు గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించాడు. “భీమరాజుగారి దొడ్లో కొబ్బరిపాకకి అప్పుడు పైకప్పు విప్పేసేరు, కొత్త ఆకు కప్పటానికి. పార్వతి ఆ పాకలో ఒలిచిన కాయల డొక్కలు ఎత్తే పిల్ల. తల్లీ తండ్రీ లేరు. అది అరిచింది. అరుపు ఇని అటు చూసేను. భీమరాజుగారు ఉన్నారు.” మట్ట ముడి బిగించాడు. “దిగి, తలుపు తన్ని, పిల్లని బయటికి తెచ్చేను. రేపు పెద్దల్లో చెప్తానన్నాను. తెల్లారేసరికి నామీద కేసు. చూడకూడని చోట చూసేనని. అది నిజమే కదండీ, చూసేనుగా.”

సరోజిని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. తన పట్టికలో ఇరవై నాలుగు వరసలున్నాయి. పార్వతికి వరస లేదు. కేసు కట్టనివాళ్ళకి వరస ఉండదు.

“ఆమెతో నేను మాట్లాడొచ్చా?”

“ఒద్దు,” అన్నాడు. ఆ ఒక్కమాటా గట్టిగా అన్నాడు. “దాన్ని రాసుకోకండి. మీకు దండం పెడతాను. నా పేరు గోడమీంచి తీయించండి, చాలు. నాకు చెట్లు కావాలి.”

భీమరాజు వీధి అరుగు మీద పడకకుర్చీలో పేపరు చదువుతున్నాడు. సరోజిని మెట్టు కింద ఆగింది. ఆయన పేపరు దించలేదు.

“మేష్టారి అమ్మాయివి కదూ. ఏవిటి?”

“పరిశోధన పనిమీద వచ్చానండి. డెబ్భై అయిదు కేసు గురించి రామలక్ష్మిగారితో ఒకసారి మాట్లాడాలి.”

“పరిశోధనా?” పేపరు దించాడు. అరవై దగ్గరపడిన మొహం, నున్నగా గీసుకున్న గడ్డం. “మా ఇంటి ఆడవాళ్ళు ఏ చెంబుతో నీళ్ళు పోసుకున్నారో కూడా రాస్తారా యూనివర్సిటీలో? మీ నాన్న నీకు పెళ్ళి చెయ్యకుండా ఈ చదువుకా పంపించింది?” ఆమె కదలకుండా నిలబడేసరికి నవ్వాడు. “కారుకి తెరలు కట్టించి మరీ కోర్టుకి తీసుకెళ్ళాను ఆవిణ్ణి. అప్పుడేం చెప్పిందో ఇప్పుడూ అదే చెప్తుంది. వెళ్ళి అడుక్కో. దొడ్డిదారిన వెళ్ళు.”

దొడ్లో ఒలుపు సాగుతోంది. నేలలో పాతిన ఇనపమేకుల మీద ఆరుగురు మనుషులు కాయలు ఒలుస్తున్నారు. ఎవరూ పలకరించలేదు. నీళ్ళగది పక్కన చెట్టు నిటారుగా లేచి ఉంది.

వెనక వసారాలో రామలక్ష్మి పీట మీద కూచుని కురిడీలు ఏరుతోంది. ఏడాదిపాటు అటకమీద ఎండిన కొబ్బరికాయలు. ఒక్కొక్కటే తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తోంది. లోపల గుండు కదిలితే కుడివైపు, కదలకపోతే ఎడమవైపు. జుట్టు ముందు సగం నెరిసింది.

పనిమనిషి కనకరత్నం చూరులో వేరుగా బోర్లించిన గాజుగ్లాసు తీసి కాఫీ పోసి వసారా అంచున పెట్టింది. తాగాక ఎవరు కడగాలో చెప్పక్కర్లేదు.

“నువ్వు అడిగేది నాకు తెలుసు,” అంది రామలక్ష్మి. “నేను నీళ్ళగదిలో ఉన్నానని రాసి ఉంది. కేక వినలేదని రాసి ఉంది. కింద నా సంతకం ఉంది. ఇంకేం కావాలి? కాగితమే కదా మీ చదువు.”

“ఏడుకొండలు మూడు కేకలు వేశాడంటున్నాడు.”

కాయ చెవి దగ్గర ఆడింది. ఎడమవైపు వెళ్ళింది.

“ఎవరో పలికారట. ఎవరో చెప్పనన్నాడు.”

రామలక్ష్మి ఇంకో కాయ తీసింది. ఆడించలేదు.

“చెప్పనన్నాడా?”

“కోర్టులోనూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.”

“కాఫీ తాగి వెళ్ళు.”

సరోజిని గ్లాసు ముట్టుకోలేదు. “పంచాయతీ గోడమీద అతని పేరు పెట్టారండి. అవతలి లంకల్లో కూడా చెట్టు ఇవ్వటంలేదు. ఆ కాగితం నేను కొట్టిందే. పేర్లు అందరికీ తెలియాలని చెప్పిందీ నేనే.”

రామలక్ష్మి అప్పుడు తలతిప్పి ఆమెను చూసింది, పైనుంచి కిందిదాకా, చీర అంచు మీద ఎండిన బురద దాకా.

“అయితే నువ్వూ సంతకం పెట్టావన్నమాట,” అంది.

తర్వాత మళ్ళీ రాశివైపు తిరిగింది. కాయలు ఆడుతున్న చప్పుడే. సరోజిని చల్లారిన కాఫీ నిలబడి తాగి, గ్లాసు బావి దగ్గర కడిగి బోర్లించింది. వెళ్తుంటే వెనకనుంచి మెల్లిగా అడిగింది రామలక్ష్మి.

“ఆ పిల్ల ఉందా?”

“ఉంది. వాళ్ళింట్లోనే.”

మూడోరోజు తెల్లవారేసరికి ఒక్క మబ్బు లేదు. గాలి తిరిగింది. ఏడు దాటేసరికి చెట్ల మొదళ్ళు ఆరి బూడిదరంగుకొచ్చాయి.

కనకరత్నం బోదె ఇవతలే నిలబడి కబురు చెప్పింది. “దొడ్లో చెట్టు గెలలు ముదిరిపోయి నీళ్ళగదిలో కాయలు పడతన్నాయంట. ఏడుకొండల్ని ఒచ్చి దింపమన్నారు.”

“ఎవరన్నారు?” అంది మంగాయమ్మ.

“అమ్మగారు.”

“రాజుగారు కాదా?”

“నాకు తెలీదమ్మా. అమ్మగారన్నారు.” ఆమె వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

“ఎళ్ళకు,” అంది మంగాయమ్మ మొగుడితో. “ఈసారి మళ్ళీ ఏసేత్తారు లోపల. ఆ చెట్టే, ఆ నీళ్ళగదే. నీకు బుద్ధుందా?” అప్పుడే బోదె దాటి వచ్చిన సరోజిని వైపు తిరిగింది. “మీరు పెట్టిందేగా ఇదంతా. మీరు చెప్పండి ఎళ్ళొద్దని.”

సరోజిని నోరు తెరిచేలోపల ఏడుకొండలు చూరులోంచి కాళ్ళబందం తీశాడు. రెండు పాదాలకీ తగిలించుకుని చెట్టెక్కే తాడు అది. మెలి మెలికీ వేలితో తడిమి చూశాడు. కత్తి మొలలో దోపుకున్నాడు.

“మీరూ రండి,” అన్నాడు సరోజినితో. “రాసుకోటానికి కాదు. నిలబట్టానికి.”

దొడ్లోకి వాళ్ళు వచ్చేసరికి ఒలుపు చప్పుడు ఒక్కొక్క మేకు మీదా ఆగిపోయింది. ఏడుకొండలు ఎవరివైపూ చూడకుండా చెట్టు మొదట్లో నిలబడి మొదలు అరచేత్తో రుద్దాడు. బందం పాదాలకు వేసుకున్నాడు. ఇంటివైపు తిరిగాడు.

“చెట్టెక్కుతున్నానండోయ్!”

గొంతు బొంగురుగా వచ్చింది. ఇంట్లోంచి ఎవరూ పలకలేదు. పక్కగుమ్మంలోంచి భీమరాజు వచ్చాడు, చేతిలో పేపరు మడతపెట్టి.

“ఎవడ్రా నిన్ను రమ్మంది? పదిహేడో నెంబరు గోడ దిగి వచ్చేసిందేవిట్రా?”

ఒలుపు మనుషుల్లో ఒకడు నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వకపోయేసరికి ఆపేశాడు.

“చెట్టెక్కుతున్నానండోయ్!” రెండో కేక కాస్త నిలబడింది.

“చెవుడా? నా దొడ్లోంచి నడు. ఒరేయ్, ఎవడన్నా వెళ్ళి హెడ్డుని పిలవండ్రా. ఈ పిల్లని కూడా తీసుకుపొమ్మనండి, గోడలకి కాగితాలు రాసుకోక ఇళ్ళమీద పడుతోంది.”

ఒకడు కండువా దులుపుకుని బయల్దేరాడు. ఏడుకొండలు ఊపిరి పీల్చుకుని మూడో కేక వేశాడు.

“చెట్టెక్కుతున్నానండోయ్! ఆడోళ్ళుంటే లోనికెళ్ళండోయ్!”

ఆ కేక నాలుగు దొడ్లూ దాటింది. ఎక్కడో ఓ గేదె అరిచింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఏడుకొండలు వేచి ఉన్నాడు. పలుకు లేకుండా అతను కాలు పెట్టడు. సరోజిని వెనక వసారావైపు చూసింది. పీట ఉంది, కురిడీల రాశి ఉంది, మనిషి లేదు. అతను మెల్లిగా వంగి పాదాల బందం వదులు చేయబోయాడు.

వసారా తలుపు తెరుచుకుంది. రామలక్ష్మి గడప దిగింది. ఆ ఇంటి ఆడవాళ్ళు మగకూలీలున్నప్పుడు దొడ్లోకి రారు. ఆమె వసారా దిగి, ఎండలోకి వచ్చి, ఒలిచిన డొక్కల మధ్య ఆగింది.

“ఎక్కు ఏడుకొండలూ,” అంది.

ఎవరూ కదల్లేదు. ఆమె ఒలుపు మనుషులవైపు చూసి, పనులు పురమాయించే గొంతుతోనే అంది. “అప్పుడూ మూడో కేకకే పలికాను. నీళ్ళగదిలో లేను. ఆ గడపమీద ఉన్నాను. ఎక్కమన్నాను, ఎక్కాడు. పాకలోంచి పిల్ల అరుపు నేనూ విన్నాను.”

“లోపలికి నడు,” అన్నాడు భీమరాజు.

“దింపు అయ్యాక వస్తాను.”

ఆయన ఆమెవైపు ఒక అడుగు వేశాడు. ఆరుగురు మనుషులూ చేతుల్లో కాయలు పట్టుకుని చూస్తున్నారు. హెడ్డు కోసం బయల్దేరినవాడు దడి దగ్గర ఆగిపోయి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. భీమరాజు మడతపేపరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత పక్కగుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు వేసుకున్న చప్పుడు కాలేదు.

“ఎండ ముదురుతోంది, ఎక్కు,” అంది రామలక్ష్మి.

ఏడుకొండలు బందం బిగించుకుని మొదలు కౌగిలించుకున్నాడు. పాదాలు రెండూ ఒక్కసారి ఎత్తి, నొక్కి, లేచాడు. మళ్ళీ ఎత్తి, నొక్కి, లేచాడు. పైకెళ్ళాక గెలలు తప్ప ఎటూ చూడలేదు. మొదటి గెల నేలమీద పడినప్పుడు సరోజిని కాళ్ళకింద మట్టి అదిరింది. దింపు అయ్యేదాకా రామలక్ష్మి ఎండలోనే నిలబడింది. అయ్యాక కూలికింద ఇవ్వవలసిన కాయలు కనకరత్నం చేత కాకుండా తన చేత్తోనే తీసి అతని ముందు పెట్టింది.  సరోజినివైపు చూడలేదు.

పంచాయతీ గోడ దగ్గర సరోజిని బోదె నీళ్ళలో కొంగు తడిపి కాగితం మీద అదిమింది. జిగురు నాననిచ్చి గోటితో అంచు లేపింది. సగం వచ్చేసరికి తాతబ్బాయి సైకిలు దిగాడు.

“అది గవర్నమెంటు నోటీసండి. చింపితే కేసవుద్ది.”

“గవర్నమెంటు ముద్ర ఎక్కడుంది? ఇది నా కాగితం. నా మిషను మీద నేను కొట్టింది.”

“ఈ గోడమీద తీస్తారు. మిగతా ఊళ్ళ మాటేటండి?”

“అక్కడికీ వెళ్తాను.”

“మీ పేరు రాసుకోవాలండి నేను.”

“రాసుకోండి. సరోజిని, తండ్రి జీవరత్నం. నెంబరు మీరే వేసుకోండి.”

తాతబ్బాయి జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. ఆమె మిగతా సగం లేపింది. తొమ్మిదో పేరు చినిగి గోడకే ఉండిపోయింది. విడుదలకి ముందు అతన్ని ఆమె జైల్లో చూసింది. అతను చేసింది చేసినట్టే చెప్పి నవ్వాడు. కాగితం పోయిందంటే సంతోషించేది అతనే. ఆ సంగతీ ఆమెకు తెలుసు. ఆ పేరునూ గోటితో గీకేసింది.

పోస్టాఫీసులో ప్రొఫెసరుకి నాలుగు వాక్యాలు రాసింది. పట్టికలో పదిహేడో వరస తప్పు. మిగతా ఇరవై మూడూ ఊరూరా వెళ్ళి, ఫైల్లో లేనివాళ్ళని కూడా అడిగి మళ్ళీ చూడాలి. పేర్లు ప్రకటించమన్న అయిదో అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నాను. ఆగస్టుకి థీసిస్ ఇవ్వలేను. ఒక్క వరస కదిలితే పట్టికంతా కదులుతుందని ఆయన ఎప్పుడూ అనేవాడు. రిజిస్ట్రేషను గడువు ఆగస్టుతో అయిపోతుంది. కవరు అంటించి డబ్బాలో వేసింది.

పేటవైపు తిరగబోతుంటే బోదె మీంచి మంగాయమ్మ పిలిచింది.

“ఏవండోయ్! పొద్దున్నించి ఏం తిన్నారు?”

“ఏం లేదు.”

“రండి.” వెనక్కి చూడకుండా నడిచింది.

చూరు కింద ఏడుకొండలు కాళ్ళు కడుక్కుంటున్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఈ ఊరి చెట్టు కాయ ఆ ఇంట్లో పగిలింది. పార్వతి కొబ్బరికోరు రోట్లో వేసి, పచ్చిమిరపకాయలూ చింతపండూ చేర్చి రుబ్బుతోంది. సరోజిని నీడ పడింది. పార్వతి రుబ్బటం ఆపింది. లేవలేదు. ఒక క్షణం ఆగి మళ్ళీ రుబ్బింది.

మంగాయమ్మ మూడు విస్తళ్ళు ఒకే వరసలో వేసింది. ఒక్కదాన్నీ ఎడంగా వెయ్యలేదు. వేడన్నం, వంకాయ ఎండురొయ్యల కూర, కొబ్బరిపచ్చడి. ఇద్దరికీ వడ్డించి తనూ కూచుంది. పార్వతి రోటి దగ్గర చెయ్యి కడుక్కుని, కాసేపు అక్కడే నిలబడి, నాలుగో విస్తరి తనే తెచ్చుకుని సరోజినికి ఎదురుగా వేసుకుంది.

ఏడుకొండలు మొదటి ముద్ద కలిపాడు.  సరోజిని ఏమీ అడగలేదు. పచ్చడి కారానికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పార్వతి తన ముందున్న నీళ్ళ చెంబు ఎడమచేత్తో ఆమెవైపు జరిపి, తల వంచుకుని తింది.